పీర్ల చావిడి పడమటి గోడ

విజయవాడ,
6 మార్చి 2025

ఫుప్పూ, సలాం.

నా నంబరు బ్లాక్ చేశావని గిద్దలూరు నుంచి అబ్బా చెప్పాడు. "మీ మేనత్తకు ఫోను మీద కోపం వచ్చింది గానీ కాగితం మీద రాలేదు. జాబు రాస్కో పో" అన్నాడు. తపాలా కవరు కొనడం నాకు ఇదే మొదలు. కౌంటరులో ఉన్నామె "ఉద్యోగానికా?" అని అడిగింది. "కాదు, మా అత్తకు" అన్నాను. జాలిగా చూసింది.

చావిడి గోడ ఫొటో నేను మన కుటుంబం గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది. దాన్ని నీ మరిది ముజమ్మిల్ చిచ్చా ఊరంతటికీ పంపుతాడని నాకు తోచలేదు. కానీ ఆ ఫొటోలో ఉన్న పగులు నేను గీసింది కాదు కదా.

నువ్వే పిలిచావు. పాత కట్టడాల రాతిగోడలకు ఎంత బలం మిగిలి ఉందో లెక్కగట్టడం నా ఎంటెక్ ప్రాజెక్టు అనగానే, "ఊళ్లు తిరగడం ఎందుకే, మన పీర్ల చావిడి లేదా?" అన్నావు. పీర్ల సేవ చేసే ముజావరుగా ఉన్న నీ ఇంటాయన, మా ఫుప్పా, పోయాక చావిడి తాళంచెవి నీ కొంగునే ఉంది కాబట్టి ఇంకెవరినీ అడిగే పని లేకపోయింది. చావిడి అరుగు మీద కూర్చోబెట్టి నువ్వు పెట్టిన జొన్నరొట్టెలను మా సంజీవరావు సార్ ఇప్పటికీ తలుచుకుంటున్నారు.

పరీక్షలో తేలింది చెబుతాను. లోపలి వైపు నుంచి చిన్న సుత్తితో కొడుతూ, ఆ చప్పుడు గోడ దాటి బయటి వైపుకు ఎంతసేపటికి చేరుతోందో పరికరంతో చూశాం. గట్టి గోడలో చప్పుడు సూటిగా, వేగంగా పోతుంది. లోపల ఖాళీ ఉంటే దాని చుట్టూ తిరిగి, అలిసిపోయి వస్తుంది. మూడు గోడల్లో బాగానే పోయింది. పడమటి గోడ నడుమ మాత్రం చాలా ఆలస్యమైంది. అది చూడ్డానికి ఒక గోడ, నిజానికి రెండు. లోపల ఒక రాతి వరస, బయట ఒక రాతి వరస, మధ్యలో చిన్నరాళ్లూ మట్టీ సున్నమూ. ఆ మధ్యది కరిగి జారిపోయిందని సార్ అభిప్రాయం. బయటి వరస ఉబ్బింది అందుకే. ఎదురింటి రోశమ్మ అవ్వ ఆ ఉబ్బు చూసి "దీనికి ఎన్నో నెల?" అని అడిగితే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మిద్దె దూలం సరిగ్గా అక్కడే ఆనుతోంది.

పగులు మీద అడ్డంగా మార్కాపురం పలక ముక్కలు అతికించి వచ్చాను. గోడ ఏమాత్రం కదిలినా అవి విరుగుతాయి. వాటిని చూస్తూ ఉండు. మొహర్రంకు ఊరు ఊరంతా ఆ గోడ పక్కనే కదా నిలబడేది.

నువ్వు గారాబం చేసి పాడుచేసిన
అస్మా


రాచర్ల మండలం,
15 మార్చి 2025

ఇంజనీరమ్మ అస్మాకు,

రోజా ఉండి ఎవరినీ తిట్టకూడదు. అందుకని ఇఫ్తారు అయినాక రాస్తున్నాను.

నిన్ను పిలిచింది ఎందుకు? గోడ గట్టిగా ఉందని కాలేజీ ముద్ర వేసి సర్టిఫికెట్ ఇస్తావని. దాన్ని ముజమ్మిల్ మొహాన కొడదామని. నువ్వేం చేస్తివి? పగుళ్ల ఫొటో తీసి వాని చేతికే ఇస్తివి. వాడు దాన్ని టీ అంగట్లో కూర్చుని చూపిస్తున్నాడు. "మా వదిన ఊరిని గోడ కింద పెట్టి చంపుతాది" అంటున్నాడు.

మీ ఫుప్పా పోయినప్పుడు పెద్దమనుషులు ఏమన్నారో నువ్వు విన్నావు. "ఆడమనిషి ముజావరు అయితే మాకేం అడ్డం లేదు. కానీ మొహర్రం నెలపొడుపు నాడు చావిడి తెరవాల, పీర్లను లేపాల. ఒక్క ఏడాది తప్పినా తాళం మరిదికి పోతాది." ఆ మాట పట్టుకుని ముజమ్మిల్ అప్పుడే రేకుల షెడ్డు వేసి కూర్చున్నాడు. పీర్లను రేకుల కింద పెడతాడంట, కోళ్లను పెట్టినట్టు. ముప్పయ్యేండ్లు ఆ చావిడి ఊడ్చినాను, అలికినాను, ఊదు వేసినాను. అది పోతే ఈ ఊర్లో నేనెవరు? జాకెట్లు కుట్టే ముసలిది. అంతే.

ఒక గోడ కాదంట, రెండంట! మేము కండ్లు లేక ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నాం. ఆ గోడ మందానికి నేను అడ్డంగా పండుకోవచ్చు. అట్లాంటి గోడకు చప్పుడు అలిసిపోయిందంట. చప్పుడు ఏమన్నా కట్టెలమోపు ఎత్తుకుని పోయిందా?

నీ పలక ముక్కల్లో రెండు విరిగినాయి. మేకలు రాసుకుని విరిగినాయి. మిగతావి నేనే పీకేసినాను. గోడ చూడ్డానికి మొహానికి పట్టీలు వేసిన రోగి లెక్క ఉండె.

ఊర్లో అడిగినోళ్లకల్లా ఒకటే చెబుతున్నాను, మా పిల్లది తప్పు లెక్క వేసింది అని. నువ్వు కూడా అదే చెప్పు.

నిన్ను ఎత్తుకుని తిరిగినందుకు నడుము నొప్పి తెచ్చుకున్న
కమ్రున్నీసా


విజయవాడ,
24 మార్చి 2025

ఫుప్పూ,

మేకల సంగతి ముందు. పలక ముక్కల్ని నేను లోపలి వైపు, నా తల కంటే ఎత్తులో అతికించాను. అంత ఎత్తు మేకలు మన ఊర్లో ఉంటే వాటి మీద వేరే ఎవరైనా పరిశోధన చెయ్యాలి.

అవి విరిగాయంటే గోడ కదిలింది. నేను వచ్చి వెళ్లిన కొద్దిరోజుల్లోనే కదిలింది. దాన్ని తప్పు లెక్క అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగితే గోడ ఆగదు.

మందం ఉంటే బలం ఉన్నట్టు కాదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి మంచం మోస్తున్నారనుకో. చెయ్యి చెయ్యి పట్టుకుని నడిస్తే ఒకరు తూలినా రెండోవాళ్లు ఆపుతారు. చెయ్యి వదిలేస్తే ఎవరికి వాళ్లే. పడమటి గోడలో రెండు వరసలూ చెయ్యి వదిలేశాయి. ఇది చదివి నువ్వు నవ్వుతావని తెలుసు. రిపోర్టులో ఇట్లా రాస్తే సార్ కూడా కొట్టేశారు. కానీ నాకు ఇంతకంటే సరైన మాట దొరకలేదు.

ఇప్పుడు మంచి వార్త. దీనికి మందు ఉంది. గోడకు సన్నటి రంధ్రాలు చేసి, పలచగా కలిపిన సున్నాన్ని మెల్లగా లోపలికి ఎక్కిస్తారు. అది ఖాళీ అంతా నిండి, గట్టిపడి, రెండు వరసల్నీ మళ్లీ ఒకటి చేస్తుంది. సార్‌ను బతిమాలాను. ఒప్పుకున్నారు. సున్నం, యంత్రం కాలేజీవే. పని మేమే చేస్తాం. ఏప్రిల్ మధ్యలో మొదలుపెడితే మొహర్రం నాటికి ఆరిపోతుంది. నీకు కావలసిన సర్టిఫికెట్ అప్పుడు సార్ సంతోషంగా రాసిస్తారు. ముజమ్మిల్ చిచ్చా మొహాన ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా కొట్టుకోవచ్చు.

ఒక్క ‘సరే’ చాలు.

అస్మా


రాచర్ల మండలం,
5 ఏప్రిల్ 2025

అస్మాకు,

వద్దు.

ఆ గోడలోకి చుక్క సున్నం పోయడానికి వీల్లేదు. ఎందుకని అడగొద్దు. నీ జాబు చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. రంధ్రాలంట, యంత్రమంట, ఖాళీ అంతా నింపుతారంట! ఎవరు నింపమన్నారు? నీకు ఆ గోడ ఏమైతాది? ఏదన్నా పాత సత్రం చూసుకుని దాని నోట్లో పోసుకోండి.

మీ సారు, నువ్వు, మీ యంత్రం పొలిమేర దాటి వస్తే రోశమ్మ ఇంటి కుక్కను వదులుతాను. అది మీ సారును ఇదివరకే ఒకసారి చూసుకుంది.

పండక్కు మీ అబ్బా వచ్చినాడు. నువ్వు రాలేదు, షీర్ ఖుర్మా డబ్బా పంపినావు. చక్కెర ఎక్కువైంది. చదువుకున్నోళ్ల చేతికి చక్కెర కూడా తెలియదు. సున్నం తెలుస్తాదంట.

ఇంక ఈ సంగతి ఎత్తొద్దు.

క.


విజయవాడ,
19 ఏప్రిల్ 2025

కమ్రున్నీసా అత్తయ్యగారికి,

మీ జాబు నేను చాలాసార్లు చదివాను, కారణం ఎక్కడైనా కనబడుతుందేమోనని. కుక్క కనబడింది, చక్కెర కనబడింది. కారణం లేదు.

సార్ ముందు తల దించుకుని నిలబడ్డాను. ఉచితంగా చేస్తామంటే వద్దన్నారు అని చెప్పాల్సి వచ్చింది. "ఎందుకు?" అన్నారు. "తెలియదు సార్" అన్నాను. మా క్లాసులో ఒకడు "సున్నం తగిలితే దేవుడికి బొబ్బలెక్కుతాయేమో" అని జోకు వేశాడు. నేను వాడితో పోట్లాడాను. పోట్లాడి గదికి వచ్చాక, వాడు అన్నదే నిజమేమో, మా అత్త మొండితనం వెనక ఇంకేమీ లేదేమో అనిపించింది. ఇది రాయడానికి నాకు ఇష్టంగా లేదు. కానీ మీరు నాకు ఇంకేమీ మిగల్చలేదు.

ఒక గోడ పడబోతోందని తెలిసినవాళ్లు చెప్పకుండా ఉండకూడదు. నేను నేర్చుకున్న చదువులో మొదటి పాఠం అది. సార్ సంతకంతో రిపోర్టు మండలం ఆఫీసుకు పంపాము. గోడ బొమ్మ గీసి, ఖాళీ ఎక్కడ ఉందో, ఎంత ఉందో రంగు వేసి చూపించాను. జనం దరిదాపులకు పోకుండా చూడమని రాశాను. మీరు గోడకు మందు వద్దన్నారు. కనీసం మనుషుల్ని దూరంగా ఉంచే హక్కు నాకు లేదనకండి.

ఇట్లు,
ఎస్. అస్మా


రాచర్ల మండలం,
10 మే 2025

అత్తయ్యగారికి, మీరు! నీ ముక్కు తుడిచిన చేతికి ‘మీరు’ అంట!

నిన్న ఆఫీసు నుంచి మనుషులు వచ్చి చావిడి తలుపుకు కాగితం అంటించినారు, లోపలికి ఎవరూ పోగూడదని. దాని పక్కనే నీ బొమ్మ. గోడ నడుమ ఎర్ర రంగు పూసి ‘లోపల ఖాళీ’ అని రాసినావు చూడు, నీ చేతిరాత నాకు తెలియదా? ఊరు ఊరంతా వచ్చి చూసింది. అందరూ ముందు కాగితం చదివినారు. ముజమ్మిల్ కాగితం చదవలేదు. బొమ్మనే చూసినాడు. చాలాసేపు చూసి, నవ్వుకుంటా పోయినాడు.

కారణం కావాలంటివి కదా. ఇదిగో తీసుకో. చదివినాక చింపెయ్.

మా మామ కాలంలో పీర్లను పెట్టెలో పెట్టేవాళ్లు. ఒక ఏడాది దొంగలు పడి వెండి పీరును ఎత్తకపోయినారు. అప్పటి నుంచి పండగ ముగిసినాక ముజావరు ఒక్కడే లోపల గడియ వేసుకుంటాడు. పీర్లకు దట్టీ గుడ్డలు చుట్టి, పడమటి గోడలో గూడు చేసి పెట్టి, రాళ్లు పేర్చి మూసి, పైన సున్నం కొడతాడు. మళ్లీ నెలపొడుపు నాడు తన చేత్తోనే తెరుస్తాడు. ఊరోళ్లు ఇప్పటికీ అవి పెట్టెలో ఉన్నాయనే అనుకుంటారు. పెట్టెలో ఉండేది పాత దట్టీలు. ఈ సంగతి ముజావరుకు తప్ప ఎవరికీ తెలియగూడదు. మీ ఫుప్పా సొంత తమ్మునికి కూడా చెప్పలేదు, పోయే ముందు నాకు చెప్పినాడు. పోయినేడు నేనే పెట్టినాను, నేనే మూసినాను. సున్నం నానబెట్టే ఓపిక లేక సిమెంటు పూసినాను.

అదే నీ ఖాళీ. కరిగి జారిపోయిన మట్టి కాదు. అందులోకి యంత్రం పెట్టి సున్నం పోస్తానంటివి. పీర్ల నోట్లో సున్నం పోస్తానని నాకు జాబు రాస్తివి, పైగా మంచి వార్త అంటివి. నేను వద్దంటే నన్ను మొండిది అంటివి. ఇప్పుడు వాటి జాగా బొమ్మ గీసి తలుపుకే అంటిస్తివి.

దొంగలు కూడా ఇంత చెయ్యలేదు.

కమ్రున్నీసా


విజయవాడ,
18 మే 2025

ఫుప్పూ,

మార్చిలో చెప్పాల్సిన మాట మేలో చెప్పావు. అప్పుడే చెప్పి ఉంటే సున్నం మాటే ఎత్తేదాన్ని కాదు, ఆ బొమ్మా గీసేదాన్ని కాదు. గోడ మీద కంటే నా మీదే నీకు తక్కువ నమ్మకం. సరే. తిట్టుకోవడం తర్వాత చూద్దాం, ఇది ముందు చదువు.

మట్టి కరిగిందనుకున్నప్పుడు నాకు ఉన్న భయం కంటే ఇప్పుడు ఉన్న భయం పెద్దది. మా కొలతల్లో ఆ ఖాళీ ఒక మనిషి చేతులు చాపితే పట్టేంత ఉంది. ఒక పీరు కోసం చేసిన గూడు అంత ఉండదు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు మొక్కుకుని కొత్త పీరు ఇస్తారు కదా. ప్రతిసారీ గూడు కొంచెం పెంచి ఉంటారు. పెంచాలంటే రాళ్లు తీయాలి. ఏ రాళ్లు? పాత మేస్త్రీలు గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా అక్కడక్కడ పొడుగు రాళ్లు వేస్తారు. రెండు వరసలూ పట్టుకునే చేతులు అవే. మిగతా మూడు గోడల్లో అవి కనబడ్డాయి. పడమటి గోడ నడుమ ఒక్కటీ లేదు. ఎక్కడికి పోయాయా అని అప్పుడు అనుకున్నాను. నీ జాబు చదివాక తెలిసింది. వాటి మీద కూర్చునే నేను జొన్నరొట్టె తిన్నాను. చావిడి అరుగు. ఆ అరుగు కట్టించింది ఫుప్పానే అని నువ్వే చెప్పావు.

తెలియక చేశాడు. కానీ చేశాడు. పైగా సిమెంటు. లోపల తేమ బయటికి పోయే దారి లేక పక్కన ఉన్న పాత సున్నం పొడి అయిపోతుంది.

నెలపొడుపు దాకా ఆగొద్దు. ఈ జాబు వెనక ఒక బొమ్మ గీశాను. నాలుగు సరుగుడు గుంజలు, గోడకు చేతి దూరంలో, దూలం కింద. పైన ఒక అడ్డకొయ్య, కింద వెడల్పు చెక్కలు. అవి బిగించాకనే గూడు తెరవాలి. లోపలి వైపు నుంచే, పై రాయి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటీ. బయటి వైపు గడ్డపార తగలనివ్వొద్దు. ఆ వరసను ఇప్పుడు ఏదీ పట్టుకుని లేదు.

నేను వస్తాను. నువ్వు మాట్లాడకపోయినా సరే, గుంజలు నేను పెడతాను.

అస్మా


రాచర్ల మండలం,
1 జూన్ 2025

అస్మాకు,

జాబు అందింది, బొమ్మ కూడా అందింది.

మీ ఫుప్పా పీర్లకు ఇల్లు కట్టినాడు. నువ్వు ఆయనను గోడను చంపినోన్ని చేస్తివి. చచ్చినోడు వచ్చి జవాబు చెప్పలేడని ధైర్యం. నిన్ను సైకిలు ముందర కూర్చోబెట్టుకుని గిద్దలూరు తిప్పినప్పుడు ఆ చేతులు మంచివి. ఇప్పుడు రాళ్లు పీకిన చేతులు.

పీర్లను నెలపొడుపు నాడే లేపాల. ముందు లేపితే అపచారం. నేను ముజావరును, నువ్వు కాదు. ఆఫీసు కాగితం సంగతి నేను చూసుకుంటాను. ఆదివారం సంతలో కూడా గట్టిగా చెప్పినాను, మా పిల్లది చదువు ఎక్కువై తప్పు లెక్క వేసింది, గోడకు ఏమీ కాలేదు అని. వినేవాళ్లు విన్నారు.

నీ గుంజలు నీ కాలేజీలో పాతుకో. రావద్దు.

క.


విజయవాడ,
24 జూన్ 2025

ఫుప్పూ,

శనివారం పొద్దున ముజమ్మిల్ చిచ్చా గడ్డపార తీసుకుని చావిడి వెనక్కి వెళ్లాడని, బయటి నుంచి గోడ తవ్వాడని, ఆ వరస మొత్తం అతని మీద పడి, వెనకే లోపలి వరసా కూలిందని అబ్బా ఫోనులో చెప్పాడు. ఊరోళ్లు రాళ్లు తీసి అతన్ని గిద్దలూరు ఆసుపత్రికి చేర్చారట. చెయ్యి విరిగిందని, కాలు నలిగిందని అన్నాడు. పీర్ల కోసం తవ్వితే గూట్లో ఏమీ లేదని కూడా అన్నాడు.

తర్వాత అబ్బా ఫొటోలు పంపాడు. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. పడమటి గోడ లేదు. మిద్దె మాత్రం నిలబడి ఉంది. ఎందుకు నిలబడి ఉందో ఊర్లో ఎవరికీ అర్థం కాలేదట, పీర్ల మహిమ అంటున్నారట. నాకు అర్థమైంది. దూలం కింద నాలుగు సరుగుడు గుంజలున్నాయి. గోడకు చేతి దూరంలో. పైన అడ్డకొయ్య, కింద వెడల్పు చెక్కలు. నా బొమ్మలో ఎట్లా ఉన్నాయో అట్లాగే.

అంటే నువ్వు నన్ను నమ్మావు. నమ్మి, గుంజలు పెట్టించి, పీర్లను ముందే తీసేశావు. ‘నీ కాలేజీలో పాతుకో’ అని రాసే నాటికే ఆ పని అయిపోయి ఉంటుంది.

అయితే ఒకటి చెప్పు. నా బొమ్మ చూసి చిచ్చా నవ్వుకుంటూ పోయాడని నువ్వే రాశావు. అతను వస్తాడని నీకు తెలుసు. బయటి వైపు గడ్డపార తగిలితే పడుతుందని తెలుసు. గూడు ఖాళీ అని తెలుసు. అన్నీ తెలిసినదానివి, సొంత మరిదికి ఒక్క మాట చెప్పలేకపోయావా? నేను గోడ గురించి ఆఫీసుకు చెబితే దొంగ కంటే హీనం అన్నావు. నువ్వు చెప్పకుండా ఊరుకున్నావు. దాన్ని ఏమనాలో నాకు ఏ మాటా దొరకడం లేదు.

గోడ ఎందుకు పడిందో నేను రిపోర్టు రాయాలి. గడ్డపార వల్ల అని రాస్తే నీకు సులువు. అట్లా రాయను.

అస్మా


రాచర్ల మండలం,
9 జూలై 2025

అస్మాకు,

పండగ పనిలో ఉంటిని. అందుకే ఆలస్యం.

నెలపొడుపు నాడు ఊరంతా చావిడి ముందర నిలబడింది. పెద్దమనుషులు మొహాలు ముడుచుకుని కూర్చున్నారు. నేను పోయి తాళం తీసి తలుపు తెరిచినాను. ఎదురుగా గోడ ఉండాల్సిన జాగాలో మేస్త్రి వెంకటేశ్వర్లు కందిచేను కనబడింది. ఎవరో కిసుక్కున నవ్వినారు. కాగితంలో రాసినట్టే లోపలికి అడుగు పెట్టలేదు. ఇంటికి పోయి పీర్లను తెచ్చి నిప్పుల గుండం పక్కన పందిరి కింద నిలబెట్టినాను. "చావిడి తెరవాల, పీర్లను లేపాల అంటిరి. రెండూ చేసినాను. ఇంకేమన్నా ఉందా?" అని అడిగినాను. రోశమ్మ ముందుకొచ్చి మొదటి దట్టీ కట్టింది. తాళంచెవి నా దగ్గరే ఉంది. దేనికి తాళం అని మాత్రం అడగొద్దు.

ఇంక నువ్వు అడిగింది.

గుంజలు పెట్టించిన మాట నిజమే. దూలానికి చెదలు పట్టినాయని చెప్పి వెంకటేశ్వర్లు మేస్త్రితో పెట్టించి, వాన్ని పంపించి, తలుపు వేసుకుని నేనే తీసినాను. నీ చదువును నమ్మి కాదు. అరుగు గురించి రాస్తివి చూడు, అది చదివి పోయి చూసినాను. ఇన్నేండ్లు దాని మీద కూర్చుని గుండీలు కుట్టినాను, ఏనాడూ కిందికి చూడలేదు. ఒక్కొక్క రాయి గోడ మందం పొడుగుంది. చివర్లకు పాత సున్నం ఇంకా అంటుకునే ఉంది. వాటిని తడిమినాను. మీ ఫుప్పా మీద కోపం కూడా రాలేదు. నీ మీద వచ్చింది. ఆ కోపంతోనే నీకు అట్ల రాసినాను.

మరిదికి ఒక్క మాట చెప్పలేదంటివి. చెప్పినాను. గోడ పడే ముందురోజు వాని గుమ్మం ముందర నిలబడి, వాని పెండ్లాం వింటుండగా చెప్పినాను. "ముజమ్మిల్, గోడ జోలికి పోవద్దు. పిల్లది చెప్పింది నిజం. అది పడుతాది" అన్నాను. వాడు అరుగు మీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తి కూడా చూడలేదు. ఏమన్నాడో తెలుసునా?

"అదేంది వదినా? టీ అంగట్లో, మసీదు ముందర, మొన్న సంతలో, ఆ పిల్లది తప్పు లెక్క అని గొంతు పోయేటట్టు చెబుతుంటివి. ఊరంతా నమ్మింది. నేను కూడా నమ్మినా. గోడలో ఏముందో నాకు తెలిసేసరికి పడిపోతాదా? ఇంత బాగా అబద్ధం ఆడతావని మా అన్నకు తెలుసునా?"

వాని పెండ్లాం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నా అబద్ధాన్నే నా మొహాన కొట్టినాడు. నా మొహాన, అస్మా! పీర్లు అక్కడ లేవు, నా ఇంట్లో ఉన్నాయి అంటే ఆగిపోయేవాడే. నాలిక చివరి దాకా వచ్చింది. అంటే గడ్డపార తీసుకుని నేరుగా నా తలుపుకే వచ్చేవాడు. మింగేసినాను. ఇంటికి వచ్చి మిషను ముందర కూర్చుని, ఎవరి జాకెట్టో తెలియకుండా కుట్టినాను. చేతులు రెండూ ఒకే పక్కకు కుట్టినానని మరునాడు చూసుకున్నాను. అప్పటికే గోడ పడిపోయింది.

రోజూ ఆటోలో ఆసుపత్రికి అన్నం తీసుకపోతున్నాను. ముజమ్మిల్ తింటాడు, నన్ను తిడతాడు, కూర బాగలేదంటాడు. నేనూ ఊరుకోను. పక్క మంచాలోళ్లకు మా ఇద్దరి వల్ల పొద్దు పోతాంది. కాలు నిలబడుతాదో లేదో డాక్టరు ఇంకా చెప్పలేదు. ఆ సంగతి ఇద్దరం ఎత్తడం లేదు.

రిపోర్టు రాయి. మీ ఫుప్పా పీకిన రాళ్లు రాయి, నేను పూసిన సిమెంటు రాయి, వాని గడ్డపార రాయి. నీది తప్పు లెక్క అని నేను ఊరంతా తిరిగి చెప్పింది కూడా రాయి. దాని బరువు ఎంతో కొలిచే పరికరం మీ కాలేజీలో ఉందేమో సారును అడుగు.

మిగిలిన మూడు గోడలు మళ్లీ కొట్టి చూడాలంటివని మీ అబ్బా చెప్పినాడు. వచ్చి కొట్టుకో. కుక్కను కట్టేయమని రోశమ్మకు చెబుతాను. రొట్టెలు కూడా ఆమే చేస్తాది. ఆ రోజు నేను ఊర్లో ఉండను, ఆసుపత్రిలో ఉంటాను. నువ్వు చెప్పింది నిజమైంది. అట్లని నీ మొహం చూసే ఓపిక నాకింకా రాలేదు.

ముజావరు
కమ్రున్నీసా